ఫోనులో చదువు బల్ల – హాస్టల్లో ట్రంకు పెట్టె

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాసి పంపమని సంపాదక వర్గం తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, అందరిలాగే నేనూ 'క్రమశిక్షణ' మీదో, 'నేటి యువత – రేపటి భవిత' మీదో రెండు పేజీలు రాసి ఇద్దామనుకున్నాను. కానీ పోయిన దసరా సెలవులకు ముందు హాస్టల్‌కు వచ్చినప్పుడు చూసిన ఒక విషయం మనసులోంచి పోలేదు. అందుకే ఆ రెండు పేజీలు పక్కన పెట్టి దాని గురించే రాస్తున్నాను.

ఆ రోజు సాయంత్రం స్టడీ అవర్ నడుస్తోంది. నేను డిగ్రీ చదివిన రోజుల్లో ఉన్న గదిలోకే వెళ్లాను. గోడలకు కొత్త రంగు వేశారు గానీ కిటికీ రెక్క మాత్రం ఇప్పటికీ సరిగా పడదు. గదిలో పదిమంది ఉన్నారు. డిగ్రీ రెండో సంవత్సరం చదివే తమ్ముడు ఒకడు గోడకు ఆనుకుని, ట్రంకు పెట్టె మీద ఫోను నిలబెట్టుకుని చూస్తున్నాడు. సినిమా అనుకున్నాను. కాదు. ఫోనులో ఎవరో అమ్మాయి చదువుకుంటోంది. అంతే, ఇంకేమీ లేదు. తెల్లటి బల్ల, పసుపు వెలుతురు దీపం, పక్కన పొగలు వచ్చే కాఫీ కప్పు, కిటికీ బయట సన్నటి వాన. ఆమె ముఖం కూడా కనిపించదు. చేతులు, పెన్ను, ముత్యాల్లాంటి అక్షరాలతో నోట్సు మాత్రమే కనిపిస్తాయి. ఆమె చదువుతుంటే మనవాడు చూస్తున్నాడు. మనవాడి పుస్తకం మాత్రం మూసే ఉంది.

"ఏం తమ్ముడూ, ఆమె పరీక్ష రాస్తే నువ్వు పాసవుతావా?" అన్నాను. పక్కవాళ్లు నవ్వారు. వాడు నవ్వలేదు. "అట్ల కాదన్నా. అది చూస్తే చదవాలనిపిస్తది. ఇక్కడ చుట్టూ చూస్తే అనిపిస్తలేదు" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. జోకు వేసినందుకు సిగ్గనిపించింది. ఈ వ్యాసం వాడికి నేను ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

ఈ బొమ్మలు ఎక్కడి నుంచి వచ్చాయి?

తమ్ముళ్లకు ఇది తెలిసిన సంగతే. పాత విద్యార్థుల్లో చాలామందికి తెలియదు కనుక కాస్త చెబుతాను. చదువును అందంగా ఫొటో తీసి పెట్టడం ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న అలవాటు. దాదాపు 2014 ప్రాంతంలో టంబ్లర్ అనే వెబ్‌సైటులో విద్యార్థులు తమ నోట్సులు, బల్లలు, టైంటేబుళ్లు ఫొటోలు తీసి పెట్టడం జోరందుకుంది. దానికి 'స్టడీబ్లర్' అని పేరు పెట్టుకున్నారు. అదే ఇన్‌స్టాగ్రామ్‌కు వచ్చేసరికి 'స్టడీగ్రామ్' అయింది. దక్షిణ కొరియాలో అయితే గంటల తరబడి ఏమీ మాట్లాడకుండా చదువుకుంటూ కెమెరాలో ప్రసారం చేస్తారు. దాన్ని 'గాంగ్‌బాంగ్' అంటారు, అంటే చదువు ప్రసారం అని. ఫ్రాన్స్‌లో మొదలైన ఒక యూట్యూబ్ ఛానెల్‌లో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని రాసుకుంటూ కూర్చున్న అమ్మాయి కార్టూను బొమ్మ ఉంటుంది. వెనక మెల్లటి సంగీతం, కిటికీలో పిల్లి. 2021 నుంచి ఆ ఛానెల్ పేరే 'లోఫై గర్ల్'. ఆ పిల్ల ఏళ్ల తరబడి రాస్తూనే ఉంది. పాపం, పరీక్ష మాత్రం ఎప్పుడూ రాలేదు!

2020లో కరోనా లాక్‌డౌన్‌లో కాలేజీలు, హాస్టళ్లు మూతపడ్డాయి. పిల్లలు ఇళ్లలో ఒంటరిగా పడ్డారు. అప్పుడే 'నాతో కలిసి చదువు' అనే వీడియోలకు గిరాకీ బాగా పెరిగింది. అదే ఏడాది జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దగ్గరికి వచ్చాయి. అక్కడి నుంచి మన రకం బొమ్మలు కూడా మొదలయ్యాయి. 2019లో వచ్చిన 'కోటా ఫ్యాక్టరీ' సీరియల్, 2023లో వచ్చిన 'ట్వెల్త్ ఫెయిల్' సినిమా ముక్కలు కత్తిరించి, వాటి వెనక పాట పెట్టి, మధ్యలో తమ పుస్తకాల దొంతర చూపించే రీల్స్ ఇప్పుడు లెక్కలేనన్ని. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే మన పిల్లలు కూడా తెల్లవారుజామున నాలుగు గంటల గడియారం ఫొటో, పక్కన తెరిచిన పుస్తకం పెడుతున్నారు.

ఇదంతా చెడిపోవడమే అని కొట్టిపారేసే పెద్దలున్నారు. నేను ఆ మాట అనను. ఎందుకంటే ఆ ఆకర్షణలో అబద్ధం లేదు.

ఎందుకంత ఆకర్షణ?

ఆ బొమ్మలో ఏముందో ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఒక మనిషికి ఒక బల్ల. ఒక మనిషికి ఒక దీపం. తలుపు వేసుకోగల గది. ఎవరూ పిలవరు. ఎవరూ నీళ్ల బకెట్ కోసం గొడవ పడరు. పుస్తకాలు పెట్టిన చోటే ఉంటాయి. మన హాస్టల్ పిల్లవాడికి లేనివన్నీ వరసగా ఆ బొమ్మలో ఉన్నాయి. ఆకలిగా ఉన్నవాడు హోటల్ బోర్డు చూసినట్టు మనవాడు ఆ బల్లను చూస్తున్నాడు. అది సోమరితనం అంటే ఎలా?

ఇంకొకటి కూడా ఉంది. ఆ బొమ్మల్లో చదువు ప్రశాంతంగా ఉంటుంది. మనకు చదువు ఎప్పుడూ భయంతో కలిసే వచ్చింది. ఫెయిలైతే ఊరికి వెళ్లి కూలికి పోవాలి, స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, చెల్లెలి పెళ్లి ఉంది, నాన్న అప్పు ఉంది. పుస్తకం తెరవగానే ఇవన్నీ పుస్తకంలోంచే లేచి వస్తాయి. ఫోనులోని అమ్మాయి చదువుతుంటే ఆమె భుజాల మీద ఏ బరువూ కనిపించదు. చదువు ఇంత తేలికగా, ఇంత హాయిగా కూడా ఉండవచ్చా అనిపిస్తుంది. ఒక్క గంటసేపు ఆ భయం లేని చదువు పక్కన కూర్చోవడం మనవాడికి ఓదార్పు.

అందుకే ఆ తమ్ముణ్ణి నేను తప్పు పట్టను. కానీ ఆ ఓదార్పు వాడి దగ్గర ఏం తీసుకుంటోందో చెప్పకపోతే మాత్రం అన్నగా నాది తప్పవుతుంది.

బొమ్మ దాచిపెట్టేది

మొదటిది, ఆ బొమ్మ చదువును చూపించదు, చదువు వస్తువులను చూపిస్తుంది. అర్థం కాని పేరాను నాలుగోసారి చదివేటప్పుడు మనిషి ముఖం అందంగా ఉండదు. లెక్క తప్పు పోయి, పేజీ కొట్టేసి, తల పట్టుకుని కూర్చోవడం వీడియోలో పెడితే ఎవరూ చూడరు. పది గంటలను ఒక్క నిమిషానికి కుదించి తిప్పితే మధ్యలోని విసుగు, నిద్ర, మరుపు అన్నీ ఎగిరిపోతాయి. మనం మాత్రం మన విసుగును ఆమె నిమిషంతో పోల్చుకుని, నాకే చదువు రాదు అనుకుంటాం.

రెండోది, ఆ వస్తువులకు ధర ఉంది. ఆ తమ్ముడి ట్రంకు పెట్టెలో లేత రంగుల హైలైటర్ల సెట్టు ఒకటి చూశాను. ఎంత అని అడిగితే మొదట చెప్పలేదు. తరువాత చెప్పాడు. ఆదివారం క్యాటరింగ్ పనికి పోయి వడ్డన చేస్తే వచ్చిన కూలి మొత్తం దానికే పెట్టాడు. సిలబస్ పుస్తకం మాత్రం సీనియర్ దగ్గర అడిగి తెచ్చుకుంటున్నాడు. పెన్నులు, దీపాలు, ప్లానర్లు అమ్ముకునే కంపెనీలు ఆ వీడియోలు తీసేవాళ్లకు డబ్బు ఇస్తాయని, వీడియో కింద ఇచ్చిన లింకు నొక్కి కొంటే అందులో వాళ్లకు వాటా ఉంటుందని మనవాడికి తెలియదు. వాళ్లకు అది ఉపాధి. మనవాడికి అది ఖర్చు.

మూడోది, అన్నిటికంటే నష్టమైనది. ఆ బొమ్మను రోజూ చూసేవాడికి తన గది చదువుకు పనికిరాని చోటులా కనిపించడం మొదలవుతుంది. "ఇక్కడ చుట్టూ చూస్తే అనిపిస్తలేదు" అన్న మాటలో ఉన్నది అదే. గది లోపం కాస్తా వాడి లోపంగా మారుతుంది. చదువు అనేది మరెవరిదో, బల్లా కిటికీ ఉన్నవాళ్లదని, మనం బయట నిలబడి చూసేవాళ్లమని మనసులో ఒక మూల నిలిచిపోతుంది. తరతరాలుగా మనవాళ్లను బడి బయట నిలబెట్టిన సంగతి అందరికీ తెలుసు. ఇప్పుడు ఎవరూ నిలబెట్టనవసరం లేకుండా మనంతట మనమే బయట నిలబడితే ఎలా?

మన బొమ్మ మాత్రం నిజం చెప్పిందా?

ఇక్కడి దాకా చదివి, "అవును, మన కష్టమే గొప్పది, దీపం కింద చదివినవాడే నిజమైన విద్యార్థి" అని పాత మిత్రులు తల ఊపుతుంటారని నాకు తెలుసు. ఆగండి. నాకు ఆ మాట మీద కూడా పేచీ ఉంది.

2003లో ఒక సంగతి. పరీక్షల ముందు రోజుల్లో రోజూ రాత్రి కరెంటు పోయేది. ఒక పత్రిక నుంచి విలేకరి, ఫొటోగ్రాఫర్ వచ్చారు. కొవ్వొత్తుల వెలుగులో చదివే హాస్టల్ పిల్లల ఫొటో కావాలన్నారు. మేం ఎగిరి గంతేశాం. పేపర్లో ఫొటో అంటే మాటలా! మా గదిలో ఒకడు పండక్కి కుట్టించుకున్న కొత్త చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ముందు కూర్చున్నాడు. ఫొటోగ్రాఫర్ వాణ్ణి లేపి వెనక్కి పంపి, మోచేతి దగ్గర చిరిగిన చొక్కావాణ్ణి ముందుకు రమ్మన్నాడు. ఆ చిరిగిన చొక్కావాణ్ణి నేనే. కొవ్వొత్తి ఇంకా దగ్గర పెట్టుకోమన్నాడు. ముఖం పుస్తకం మీదికి వంచమన్నాడు. అంత దగ్గర కొవ్వొత్తి పెట్టుకుని ఎవరూ చదవరు, జుట్టు కాలుతుంది. అయినా వంచాను.

మర్నాడు ఫొటో వచ్చింది. కింద మా పట్టుదలను మెచ్చుకుంటూ రెండు వాక్యాలు ఉన్నాయి. కరెంటు ఎందుకు పోతోందో, హాస్టల్‌కు జనరేటరో, కనీసం రెండు ఎమర్జెన్సీ లైట్లో ఎందుకు లేవో ఒక్క ముక్క లేదు. నేను ఆ కాగితం కత్తిరించి ట్రంకు పెట్టె మూత లోపల అంటించుకున్నాను. చాలా ఏళ్లు గర్వపడ్డాను. మా పేదరికానికి దండ పడింది గానీ మా గదికి లైటు పడలేదని తట్టడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఈశ్వరచంద్ర విద్యాసాగర్ వీధి దీపాల కింద చదువుకున్నారని చిన్నప్పటి నుంచీ మనకు కథ చెబుతారు. అలా చదివినవాళ్ల మీద గౌరవం ఉండవలసిందే. కానీ ఆ కథ విన్నవాడు, అయితే మిగతా పిల్లలందరికీ దీపం ఎక్కడిది అని అడగాలి కదా. వీధి దీపం కింద చదివి పైకి వచ్చినవాడు ఒక్కడు కనిపిస్తాడు. దీపం లేక చదువు మానేసినవాళ్లు ఏ ఫొటోలోనూ ఉండరు.

అంటే ఇన్‌స్టాగ్రామ్‌లోని తెల్లబల్ల ఎంత బొమ్మో, పేపర్లోని కొవ్వొత్తి కూడా అంతే బొమ్మ. ఒకటి సౌకర్యాన్ని చదువు అంటుంది. ఇంకొకటి లేమిని చదువు అంటుంది. మొదటిది చూసి మనం సిగ్గుపడుతున్నాం. రెండోది చూసి మురిసిపోతున్నాం. రెండింటిలోనూ చదువు ఎక్కడ ఉందో చూడడం లేదు.

చేతిలో పుస్తకం ఉన్న ఇంకో బొమ్మ

మన హాస్టల్ హాలులో గోడ మీద బాబాసాహెబ్ పటం ఉంది. ఊళ్లలో విగ్రహాలున్నాయి. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న, విజయవాడలో 2024 జనవరి 19న 125 అడుగుల విగ్రహాలు ఆవిష్కరించారు. నీలం సూటు, చేతిలో పుస్తకం. ఆలోచిస్తే మన పల్లెల్లో చదువుకు సంబంధించి అందరికంటే ముందు నిలబడిన బొమ్మ అదే. అక్షరం రాని అవ్వకు కూడా చేతిలో పుస్తకం ఉన్న ఆ మనిషి ఎవరో తెలుసు.

ఆయన జీవితం చదివితే ఆ బొమ్మ వెనక రెండు సంగతులు కనిపిస్తాయి. బొంబాయి పరేల్‌లో కార్మికులు ఉండే ఇరుకు చాల్‌లో, ఇంటిల్లిపాదీ ఉండే ఒక్క గదిలో ఆయన చదువుకున్నారు. గదిలో చోటు, నిశ్శబ్దం రెండూ ఉండవు కనుక కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తండ్రి రాంజీ తాను మేలుకుని ఉండి, రాత్రి రెండు గంటలకు లేపి చదివించేవాడని ధనంజయ్ కీర్ రాసిన జీవిత చరిత్రలో ఉంది. ఇది మనకు బాగా నచ్చే సంగతి. మన గదికి దగ్గరగా ఉంటుంది.

రెండో సంగతి మనం అంతగా చెప్పుకోం. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడి నుంచి లండన్ వెళ్లి చదువు మొదలుపెట్టారు. చదువు పూర్తి కాకుండానే 1917లో తిరిగి రావలసి వచ్చింది. ఎందుకు? స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. ఎంత పట్టుదల ఉన్న మనిషికైనా డబ్బు ఆగితే చదువు ఆగుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టి, మిత్రుడి దగ్గర అప్పు తీసుకుని 1920లో మళ్లీ లండన్ వెళ్లి మిగిలిన చదువు ముగించారు. తరువాత 1930లలో దాదర్‌లో 'రాజగృహ' అనే ఇల్లు కట్టుకున్నప్పుడు, తన పుస్తకాల కోసమే అందులో పెద్ద చోటు కేటాయించుకున్నారు. పరేల్ గదిని జీవితాంతం పొగుడుతూ అందులోనే ఉండిపోలేదు. మంచి గది, మంచి పుస్తకం, మంచి బట్ట తనకు తగవని ఆయన ఏనాడూ అనుకోలేదు.

కనుక తమ్ముళ్లారా, మంచి బల్ల కావాలనుకోవడం తప్పు కాదు. ఆశ కాదు, అది హక్కు. ఎస్.ఆర్. శంకరన్ గారి వంటి అధికారులు సాంఘిక సంక్షేమ శాఖలో ఉండి హాస్టళ్ల కోసం, గురుకులాల కోసం అంత పాటుపడింది కూడా ఇందుకే. పల్లెలో దీపం లేని పిల్లవాడికి సమాజం తరఫున ఒక దీపం, ఒక కంచం, ఒక చోటు ఇవ్వాలని. ఫోనులో బల్ల చూసి నిట్టూర్చే బదులు, హాస్టల్లో బల్ల ఏదని అడగడం మనకు రావాలి.

చదువు అసలు ఎలా ఎక్కుతుంది?

బల్ల వచ్చేదాకా ఏం చేయాలి అంటారా? దానికీ జవాబుంది. మనసు మీద పరిశోధన చేసేవాళ్లు దీన్ని ఎప్పటి నుంచో పరీక్షిస్తున్నారు.

అమెరికాలో కార్పికి, రోడిగర్ అనే ఇద్దరు 2008లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లీషు అర్థాలు నేర్పించారు. ఒక మాట వచ్చిన తరువాత కూడా కొందరిని దాని మీద మళ్లీ మళ్లీ ప్రశ్నలు అడిగారు. కొందరికి ఆ మాట మళ్లీ మళ్లీ చూపించారు గానీ ప్రశ్న అడగడం మానేశారు. వారం తరువాత పరీక్ష పెడితే ప్రశ్నలు ఎదుర్కొన్నవాళ్లకు సుమారు 80 శాతం గుర్తుంది. చూస్తూ ఉండిపోయినవాళ్లకు 35 శాతం దగ్గరే ఆగింది. ఇంకో తమాషా ఏమిటంటే, మీకు ఎంత గుర్తుంటుందనుకుంటున్నారు అని ముందే అడిగితే అందరూ ఇంచుమించు ఒకేలా, సగం గుర్తుంటుందన్నారు. అంటే చదువు ఎక్కిందో లేదో మన లోపలి అనుభూతి మనకు సరిగా చెప్పదు. హాయిగా అనిపించిన చదువు ఎక్కినట్టు కాదు.

2013లో డన్లాస్కీ అనే ఆయన, మరికొందరు కలిసి పది రకాల చదువు పద్ధతులను పోల్చి చూశారు. రంగు గీతలు గీయడం, చదివిందే మళ్లీ చదవడం తక్కువ ఉపయోగం ఉన్న పద్ధతుల్లో చేరాయి. తనను తాను ప్రశ్నించుకోవడం, ఒకే రోజు కాకుండా రోజుల ఎడంతో మళ్లీ మళ్లీ తిరగేయడం, ఈ రెండూ ఎక్కువ ఉపయోగం ఉన్నవని తేలింది. ఈ రెండింటికీ తెల్లబల్ల అక్కర్లేదు. లేత రంగుల హైలైటరూ అక్కర్లేదు.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే మన హాస్టల్లో ఆ పద్ధతి ఎప్పుడో ఉంది. దాని పేరు 'అప్పజెప్పడం'. రాత్రి భోజనాలయ్యాక సీనియర్ అన్న మెట్ల మీద కూర్చునేవాడు. పుస్తకం ఆయన చేతిలో. మనం ఎదురుగా నిలబడి చెప్పాలి. తడబడితే "పో, చదువుకుని రా" అనేవాడు. మళ్లీ రెండు రోజులకు అదే పాఠం అడిగేవాడు. బట్టీ పట్టి గడగడా చెబితే ఊరుకునేవాడు కాదు. "సరే, నీ మాటల్లో చెప్పు, ఎందుకట్ల?" అనేవాడు. మేం ఆయన్ను తిట్టుకునేవాళ్లం. ఈ రోజు ఉద్యోగాల్లో ఉన్న మా బ్యాచ్‌లో చాలామంది ఆ మెట్ల మీద నిలబడి వచ్చినవాళ్లే.

ఫోనులోని అమ్మాయి పక్కన కూర్చోనిస్తుంది. కానీ ప్రశ్న అడగదు. తప్పు చెబితే దిద్దదు. తెల్లబల్ల ఉన్న ఇంట్లో ఒంటరిగా చదివేవాడు తోడు కోసం అలాంటి వీడియో వెతుక్కుంటాడు. మన గదిలో తోడు పదిమంది ఉన్నారు. వాళ్లకు లేనిది ఒకటి మన దగ్గర ఉంది. దాన్ని మనం వాడుకోవడం లేదు.

ఇక చేయవలసింది

హాస్టల్ తమ్ముళ్లకు నాలుగు మాటలు. వీడియో చూడొద్దని చెప్పను. చూస్తే చదవాలనిపిస్తే పది నిమిషాలు చూడండి. ఆ అనిపించిన వెంటనే ఫోను ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేయండి. తాళం చెవి పక్కవాడికి ఇవ్వండి. గదికి ఒక్క గడియారం చాలు. ఇటలీలో సిరిల్లో అనే ఆయన 1980లలో విద్యార్థిగా ఉన్నప్పుడు టమాటా ఆకారంలో ఉండే వంటింటి గడియారం పెట్టుకుని చదివిన పద్ధతి ఇప్పుడు లోకమంతా వాడుతోంది. 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విశ్రాంతి. మనకు టమాటా కూడా అక్కర్లేదు, కామాటి అన్న కొట్టే గంట ఉంది. రెండు గంటల స్టడీ అవర్‌లో చివరి అరగంట అప్పజెప్పడానికి కేటాయించండి. ఇద్దరిద్దరు జతగా కూర్చోండి, పుస్తకం ఎదుటివాడి చేతిలో ఉండాలి. హైలైటర్ కొన్న తమ్ముడు బాధపడనవసరం లేదు. గీత గీసిన ప్రతి చోటా పక్కన ఒక ప్రశ్న రాసుకో. అప్పుడు ఆ కూలి డబ్బు వృథా పోదు.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగాలకు చదివే మన పూర్వ విద్యార్థులు కూడా ఈ మాట వినాలి. టిఫిన్ డబ్బా పట్టుకుని పొద్దున్నే వెళ్లి కూర్చోవడం గొప్ప విషయమే. కానీ కూర్చున్న గంటలు లెక్కపెట్టి స్టేటస్‌లో పెట్టడం కంటే, ఆ రోజు పుస్తకం మూసి ఎన్ని ప్రశ్నలకు జవాబు రాయగలిగామో లెక్కపెట్టడం మేలు.

ఇక నా తోటి పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ప్రతి వార్షికోత్సవానికీ మనం వస్తాం. వేదిక మీద ఒకరికొకరం శాలువాలు కప్పుకుంటాం. మెమెంటోలు ఇచ్చుకుంటాం. మా రోజుల్లో నీళ్ల సాంబారు తాగి చదివాం అని మైకులో చెబుతాం. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ మాటల వెనక మనం కూడా ఆ పాత కొవ్వొత్తి ఫొటోనే వాళ్లకు చూపిస్తున్నాం. మేం అలా చదివాం కనుక మీరూ అలాగే చదవండి అన్నట్టు ఉంటుంది. ఈ ఏడాది శాలువాలు మానేద్దాం. ఆ డబ్బుతో పొడవాటి బల్లలు, కళ్లకు హాయిగా ఉండే లైట్లు కొని వెనక ఖాళీగా ఉన్న స్టోరు గదిని చదువు గది చేద్దాం. అదే సమయంలో వార్డెన్ గారి ద్వారా శాఖకు అర్జీ కూడా పెడదాం. మనం కొనిచ్చామని ప్రభుత్వం చేయవలసిన పని తప్పిపోకూడదు. అర్జీ రాయడం పిల్లల చేతే రాయిద్దాం, ఆ చదువు కూడా వాళ్లకు రావాలి.

నా వంతుగా ఒక బల్ల, రెండు లైట్లు తెస్తున్నాను. ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయించినట్టు దాని మీద నా పేరు రాయించను. ఆ బల్ల మీద మొదట కూర్చోవలసింది కిటికీ పక్క గదిలోని ఆ తమ్ముడు. వాడు కావాలంటే ఫొటో తీసి పెట్టుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. కాకపోతే ఒక షరతు. ఫొటోలో ఎదురుగా పుస్తకం పట్టుకుని ప్రశ్న అడిగేవాడు కూడా కనబడాలి.

జై భీమ్.

– ఒక పూర్వ విద్యార్థి